ఇరవై సర్వర్లకు ఒకే జవాబుల ఫైలు

సర్వర్లు, నెట్‌వర్కుల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిస్తుంటాను. నేనుండేది విజయనగరంలో. ఇక్కడా, శ్రీకాకుళం జిల్లాలోనూ కాలేజీలకూ ఆసుపత్రులకూ చిన్న ఫ్యాక్టరీలకూ సర్వర్లు చూసిపెట్టడం నా పని. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: ఎవరూ దగ్గర కూర్చోకుండా ఆపరేటింగ్ సిస్టమ్ దానంతట అదే ఇన్‌స్టాల్ అయ్యేలా చేయడం ఎలా? మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈ నెల చోటంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను రాజాం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒక కంపెనీ వాళ్ళు వాడి తీసేసిన 20 ర్యాక్ సర్వర్లు మా కాలేజీకి ఇచ్చారు. అన్నిట్లో డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయమన్నారు. పెన్‌డ్రైవ్ పెట్టి, భాష, కీబోర్డు, డిస్కు, పాస్‌వర్డు అంటూ ఒక్కోదాని ముందూ కూర్చుంటే వారం పట్టేలా ఉంది. పైగా ఒకదానిలో వేసిన ప్యాకేజీ (సాఫ్ట్‌వేర్ కట్ట) ఇంకోదానిలో మర్చిపోతున్నాను. ఆటోమేటిక్‌గా చేయాలంటే ఏమేం ప్యాకేజీలు పెట్టుకోవాలి? మా నెట్ కూడా అంతంత మాత్రమే.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ ప్యాకేజీ మర్చిపోతున్నానన్న వాక్యం. టైమ్ ఎలాగూ కలిసొస్తుంది. దానికంటే పెద్ద లాభం ఏమిటంటే, ఏ సర్వర్‌లో ఏముండాలో ఒకచోట రాసి ఉంటుంది. రేపు మీరు బదిలీ అయినా, సెలవులో ఉన్నా, ఇంకొకరు ఆ ఫైలు చూసి అదే సర్వర్‌ని మళ్ళీ నిలబెట్టగలరు. అందుకని కేబుళ్ళ జోలికి వెళ్ళకముందే ఒక కాగితం తీసుకుని, ల్యాబులో పాఠాలు చెప్పే లెక్చరర్లతో కూర్చోండి. ఏ సర్వర్ ఏ పని చేయాలో అడగండి.

కాగితం మీద మూడు గుంపులు వస్తాయి. ప్రతి సర్వర్‌లోనూ తప్పనిసరిగా ఉండాల్సినవి మొదటి గుంపు: దూరం నుంచి లాగిన్ అవ్వడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్, గడియారం సరిచూసే క్రోనీ, అడ్మిన్ హక్కులతో కమాండ్‌లు నడిపే సుడో, ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్, డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌మాన్‌టూల్స్. వాడిన డిస్కులు కాబట్టి ఆ చివరిది అస్సలు వదలొద్దు. రెండో గుంపు విద్యార్థులు ప్రోగ్రాములు రాసే సర్వర్లకు: కంపైలర్లు తెచ్చే బిల్డ్-ఎసెన్షియల్, ప్రోగ్రాములో తప్పులు వెతికే జీడీబీ, మార్పులు గుర్తుంచుకునే గిట్, జావా, పైథాన్. మూడోది డేటాబేస్ ల్యాబుకు: మరియాడీబీ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ, రెండూ అడిగితే రెండూ. తెలుగు కనిపించాల్సిన చోట ఫాంట్స్-లోహిత్-తెలు కూడా చేర్చండి. దాన్ని ఎవరూ అడగరు, కానీ లేకపోతే తెలుగు ఫైలు తెరిచినప్పుడు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి.

ఇప్పుడు ఇన్‌స్టాల్ సర్వర్, అంటే మిగతావాటికి నెట్‌వర్క్ మీదుగా ఇన్‌స్టాలర్ అందించే మెషీన్. దీనికి కొత్త మెషీన్ అక్కర్లేదు, ల్యాబులో పక్కన పడున్న డెస్క్‌టాప్ చాలు. దాంట్లో డెబియన్ వేసి నాలుగు పెట్టుకోండి. డీఎన్‌ఎస్‌మాస్క్: ఐపీ అడ్రసు ఇవ్వడం, బూట్ ఫైలు అందించడం రెండూ అదొక్కటే చేస్తుంది. పీఎక్స్‌లినక్స్, దానితోపాటు సిస్‌లినక్స్-కామన్: మొదట లోడ్ అయ్యే మెనూ వీటి నుంచి వస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్: జవాబుల ఫైలు, అంటే ఇన్‌స్టాలర్ ప్రశ్నలకు మన జవాబులు ముందే రాసి ఉంచే ఫైలు ఇవ్వడానికి. ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ: దీని సంగతి కింద చెబుతాను. పాత పాఠాల్లో ఐపీ అడ్రసులిచ్చే ఐఎస్‌సీ వాళ్ళ డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టుకోమని ఉంటుంది. దాని నిర్వహణను 2022 చివర్లో ఆపేశారు, కొత్తగా దానితో మొదలుపెట్టకండి.

సర్వర్ ఆన్ చేసి నెట్‌వర్క్ నుంచి బూట్ అవ్వమంటే ముందు ‘నాకు ఐపీ ఎవరిస్తారు’ అని కేక వేస్తుంది. డీఎన్‌ఎస్‌మాస్క్ ఐపీతో పాటు ఏ ఫైలు తెచ్చుకోవాలో చెబుతుంది. ఆ ఫైలు టీఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపే తేలికపాటి పద్ధతి) మీద వస్తుంది, తర్వాత కెర్నెల్ (లినక్స్ గుండెకాయ), ఆపైన ఇన్‌స్టాలర్. ఎక్కడ ఆగిందో స్క్రీన్ మీద కోడ్‌తో సహా పడుతుంది. చాలా సర్వర్లలో కనిపించే ఈ నాలుగు కోడ్‌లూ గోడమీద రాసి అంటించండి. ఈ61 అంటే కేబుల్ సరిగా లేదు. ఈ51 అంటే ఐపీ ఇచ్చేవాళ్ళు దొరకలేదు, స్విచ్ గానీ డీఎన్‌ఎస్‌మాస్క్ గానీ చూడండి. ఈ53 అంటే ఐపీ వచ్చింది కానీ ఫైలు పేరు రాలేదు. ఈ32 అంటే పేరు తెలిసింది, ఫైలు తేవడానికి వెళ్తే జవాబు లేదు. అది చాలాసార్లు ఫైర్‌వాల్ అయ్యుంటుంది, 69వ నంబరు యూడీపీ పోర్టు తెరిచి ఉందో లేదో చూడండి. కొన్ని సర్వర్లు పాత బయోస్ పద్ధతిలో, కొన్ని యూఈఎఫ్‌ఐ పద్ధతిలో బూట్ అవుతాయి, రెండింటికీ బూట్ ఫైలు వేరు. మీ 20 సర్వర్లూ ఒకే పద్ధతిలోకి మార్చి పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది.

పాత ర్యాక్ సర్వర్లలో ఇంకో రెండు చోట్ల ఆగిపోతుంది. అవి మీకు ఎవరూ చెప్పరేమోనని వివరంగా రాస్తున్నాను.

మొదటిది ఫర్మ్‌వేర్, అంటే కార్డు పనిచేయడానికి దాంట్లోకి ఎక్కించాల్సిన చిన్న సాఫ్ట్‌వేర్. నెట్‌వర్క్ నుంచే బూట్ అయిన సర్వర్, ఇన్‌స్టాలర్ లోడ్ అయ్యాక ‘నెట్‌వర్క్ కార్డు దొరకలేదు’ అంటుంది. చూసేవాళ్ళకు మతిపోతుంది, ఇప్పుడేగా దాని మీదే వచ్చింది అని. జరిగేదేమిటంటే, బూట్ అప్పుడు పని చేసింది కార్డులోనే ఉన్న చిన్న ప్రోగ్రాము. ఆ తర్వాత పగ్గాలు లినక్స్ కెర్నెల్ చేతికి వస్తాయి. దానికి ఆ కార్డు ఫర్మ్‌వేర్ విడిగా కావాలి. పాత బ్రాడ్‌కామ్ కార్డులకు ఫర్మ్‌వేర్-బీఎన్‌ఎక్స్2 అనే ప్యాకేజీ ఉంది. డెబియన్ 12 నుంచి మామూలు ఇన్‌స్టాల్ డిస్కులో ఫర్మ్‌వేర్ కలిపే ఇస్తున్నారు కానీ, నెట్‌వర్క్ బూట్ కోసం విడిగా ఇచ్చే నెట్‌బూట్ ఫైళ్ళలో అది ఉండదు. డెబియన్ వాళ్ళే ఇచ్చే ఫర్మ్‌వేర్ సీపీఐఓ ఫైలు దించుకుని, నెట్‌బూట్‌లోని ఇనిట్‌ఆర్‌డీ (ఇన్‌స్టాలర్ ఉండే) ఫైలు చివర అతికించాలి. క్యాట్ కమాండ్‌తో రెండూ కలిపి ఒక కొత్త ఫైలు చేస్తే సరిపోతుంది.

రెండోది గడియారం. ఏళ్ళ తరబడి గోడౌన్‌లో ఉన్న సర్వర్లలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి, తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతుంది. అప్పుడు ప్యాకేజీల జాబితా మీది తేదీ భవిష్యత్తులో ఉన్నట్టు కనబడి, ప్యాకేజీలు తెచ్చి వేసే ఆప్ట్ దాన్ని ఒప్పుకోదు. లాగ్ తెరిచి చదివితే తప్ప, నెట్ సమస్య అనుకుని రోజంతా కేబుళ్ళు మారుస్తూ ఉంటారు. ఆన్ చేయగానే బయోస్‌లో తేదీ చూడండి, బ్యాటరీలు మార్పించండి.

ఇక జవాబుల ఫైలు. డెబియన్‌లో దీన్ని ప్రీసీడ్ అంటారు. ఇన్‌స్టాలర్ అడిగే ప్రతి ప్రశ్నకూ ఒక పేరుంటుంది, ఆ పేరు పక్కన మన జవాబు. మీరు చేత్తో ఒక సర్వర్ పూర్తిచేసే ఉంటారు కదా, దాంట్లో డెబ్‌కాన్ఫ్-యుటిల్స్ వేసి మీరిచ్చిన జవాబులన్నీ బయటికి తీయొచ్చు. అది చదివి అర్థం చేసుకోండి కానీ మక్కీకి మక్కీ వాడకండి. డెబియన్ డాక్యుమెంటేషన్‌లో ఉన్న నమూనా ఫైలు తీసుకుని మీకు కావలసినంతే దిద్దుకోవడం మంచిది. దిద్దాక డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్ కమాండ్‌కు మైనస్ సీ ఇచ్చి అక్షర దోషాలు చూసుకోండి. భాష, కీబోర్డు, హోస్ట్‌నేమ్ (సర్వర్ పేరు) లాంటివి ఫైల్లో రాసినా మళ్ళీ అడుగుతోందని చాలామంది రాస్తారు. కారణం తేలికే: ఆ ఫైలు నెట్‌వర్క్ మీదుగా రావాలి, ఆ ప్రశ్నలు నెట్‌వర్క్ రాకముందే వస్తాయి. బూట్ మెనూ లైనులో ఆటో ఈక్వల్స్ ట్రూ, ప్రయారిటీ ఈక్వల్స్ క్రిటికల్ అని పెడితే భాష, కీబోర్డు ప్రశ్నలు ఫైలు వచ్చేదాకా ఆగుతాయి. హోస్ట్‌నేమ్ మాత్రం ఐపీతో పాటు డీఎన్‌ఎస్‌మాస్క్ నుంచే ఇప్పించండి. నాలుగేసి నెట్‌వర్క్ పోర్టులున్న సర్వర్లకు ఒక్క పోర్టులోనే కేబుల్ పెట్టి, ఇంటర్‌ఫేస్ ఆటో అని అదే లైనులో చెప్పండి.

పాస్‌వర్డు ఆ ఫైల్లో విడిగా రాయకండి. ల్యాబులో ఎవరైనా బ్రౌజర్‌లో తెరిచి చదవగలరు. హూఈజ్ ప్యాకేజీలో ఎంకేపాస్‌డబ్ల్యూడీ (mkpasswd) అనే కమాండ్ ఉంది, దానితో హ్యాష్ (వెనక్కి చదవలేని రూపం) చేసి అదే పెట్టండి. చివర్లో లేట్ కమాండ్ అనే చోట మీ ఎస్‌ఎస్‌హెచ్ పబ్లిక్ కీ కాపీ చేయించండి. సర్వర్ లేచిన నిమిషం నుంచీ మీ సీటు దగ్గర నుంచే లోపలికి వెళ్ళొచ్చు.

మీ నెట్ సంగతికి వస్తాను. ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ పనంతా ఇదే: మొదటి సర్వర్ ఒక ప్యాకేజీ అడిగితే బయటి నుంచి తెచ్చి ఇస్తుంది, ఒక కాపీ తన దగ్గర ఉంచుకుంటుంది. మిగతా 19 సర్వర్లు అడిగినప్పుడు ఆ కాపీనే ఇస్తుంది. ప్రీసీడ్‌లో ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) అడిగే చోట ఇన్‌స్టాల్ సర్వర్ అడ్రసు, 3142 పోర్టు రాస్తే చాలు. అద్దం సర్వర్ (మిర్రర్, అంటే డెబియన్ ప్యాకేజీలు దించుకునే బయటి సర్వర్) అడ్రసు మామూలు హెచ్‌టీటీపీ మీద పెట్టండి, హెచ్‌టీటీపీఎస్ పెడితే ఇది కాపీ ఉంచుకోలేదు. భద్రతకు భయం లేదు, డెబియన్ ప్యాకేజీల జాబితాకు డిజిటల్ సంతకం ఉంటుంది, ఆప్ట్ దాన్ని సరిచూసుకుంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఈ ప్రాక్సీ సెట్టింగు ఇన్‌స్టాల్ అయ్యాక కూడా సర్వర్‌లో ఉండిపోతుంది. ఏ సర్వర్‌నైనా వేరే క్యాంపస్‌కు పంపేటప్పుడు తీసేయండి, లేకపోతే అక్కడ ఒక్క అప్‌డేట్ కూడా రాదు.

ముందు ఒక్క సర్వర్ పూర్తిగా కానివ్వండి, క్యాచర్ నిండుతుంది. తర్వాత నాలుగేసి చొప్పున ఆన్ చేయండి. ఇరవై ర్యాక్ సర్వర్లు ఒకేసారి స్టార్ట్ అయితే ల్యాబు యూపీఎస్ గానీ, ఎంసీబీ గానీ తట్టుకోకపోవచ్చు. కాలేజీ ఎలక్ట్రీషియన్‌ని ముందే పిలిచి లోడు లెక్క వేయించండి.

నాలుగైదు నెలల తర్వాత మళ్ళీ వాడబోతే ‘కెర్నెల్ మాడ్యూల్స్ దొరకలేదు’ అని ఆగుతుందనుకోండి, కంగారు పడొద్దు. డెబియన్‌లో మధ్యమధ్య చిన్న విడుదలలు వస్తుంటాయి. మీ దగ్గర పాత కెర్నెల్ ఉండి, అద్దం సర్వర్లో కొత్త మాడ్యూల్స్ ఉన్నాయన్నమాట. నెట్‌బూట్ ఫైళ్ళు కొత్తవి దించుకుని, ఫర్మ్‌వేర్ మళ్ళీ అతికించండి.

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూస్తున్నాను. కొత్త సర్వర్ కోసం డీఎన్‌ఎస్‌మాస్క్ పెట్టగానే బిల్లింగ్ కౌంటర్లో, ల్యాబులో కంప్యూటర్లకు నెట్‌వర్క్ పోయింది. తీసేస్తే సరైంది. ఎందుకిలా?

జవాబు: మీ రౌటర్ ముందే ఐపీలు ఇస్తోంది. రెండోవాళ్ళు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. ఎవరు ముందు జవాబిస్తే కంప్యూటర్ వాళ్ళ మాట వింటుంది. డీఎన్‌ఎస్‌మాస్క్‌కు ప్రాక్సీ పద్ధతి ఒకటుంది. అందులో ఐపీలు రౌటరే ఇస్తుంది, ఇది బూట్ ఫైలు పేరు మాత్రం చెబుతుంది. మీ గొడవ దాంతో తీరుతుంది.

కానీ మీకు నేనిచ్చే సలహా అది కాదు. దయచేసి ఆసుపత్రి నెట్‌వర్క్ మీద ఈ పని చేయకండి. ఆటోమేటిక్ ఇన్‌స్టాల్ అంటే మొట్టమొదట జరిగేది డిస్కు చెరిపేయడం, అదీ ఎవరినీ అడగకుండా. రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు, నెట్‌వర్క్ బూట్ ముందుగా పెట్టి ఉన్న ఏదో ఒక కంప్యూటర్ మీ సర్వర్‌ని పలకరిస్తే, తెల్లారేసరికి అందులోని రోగుల రిపోర్టులు ఉండవు. ఒక చిన్న స్విచ్ విడిగా కొనండి. ఇన్‌స్టాల్ సర్వర్, కొత్త సర్వర్ రెండిటినీ దానికే కలపండి. ఇన్‌స్టాల్ సర్వర్‌కు రెండో నెట్‌వర్క్ కార్డు ఉంటే దాని మీదుగా ఇంటర్నెట్ ఇవ్వండి, డీఎన్‌ఎస్‌మాస్క్ మాత్రం లోపలి కార్డు మీదే వినాలని సెట్టింగులో కట్టడి చేయండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. బూట్ మెనూలో ఎవరూ ఏమీ నొక్కకపోతే సొంత డిస్కు నుంచి లేవాలని డిఫాల్టు పెట్టండి, ఇన్‌స్టాల్ అన్నది మనిషి చేత్తో ఎంచుకుంటేనే జరగాలి. అలాగే ప్రీసీడ్‌లో ‘డిస్కు మీద మార్పులు రాయమంటారా’ అన్న ఆఖరి ప్రశ్నకు జవాబు, అంటే పార్ట్‌మ్యాన్ కన్ఫర్మ్ లైను, రాయకుండా వదిలేయండి. మిగతా అన్నీ దాటి అక్కడ ఆగుతుంది. మీరు వెళ్ళి డిస్కు పేరు, సైజు కళ్ళారా చూసి అవునని నొక్కండి. ఇరవై సర్వర్లున్న కాలేజీకి ఇది ఇబ్బంది కావచ్చు, ఆసుపత్రికి మాత్రం ఉండి తీరాలి. డేటా ఉన్న డిస్కులేవైనా అదే సర్వర్‌లో ఉంటే ఇన్‌స్టాల్ అయ్యేవరకు బయటికి లాగేయండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే డిస్కు పేర్లు బూట్ బూట్‌కీ మారొచ్చు, వాటిని నమ్మి రోగుల రికార్డులు పణం పెట్టొద్దు.

ప్రశ్న: విజయనగరంలో డిప్లొమా చదువుతున్నాను మేడమ్. ప్రీసీడ్, కిక్‌స్టార్ట్, ఆటోఇన్‌స్టాల్, ఎఫ్‌ఏఐ అని నాలుగు పేర్లు వింటున్నాను. ఏది నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుంది?

జవాబు: నీకైతే ముందు కిక్‌స్టార్ట్ చెబుతానమ్మా. రెడ్ హ్యాట్ లినక్స్, దాని బాటలో వచ్చే రాకీ, ఆల్మా అన్నిట్లోనూ అదే. నేర్చుకోవడమూ తేలిక: చేత్తో ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే, ఆ జవాబులన్నీ అనకొండ అనే ఇన్‌స్టాలర్ రూట్ యూజర్ ఫోల్డర్లో ఒక ఫైలుగా రాసి వదిలిపెడుతుంది. దాన్ని తెరిచి చదువు. ప్యాకేజీల భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, గుంపుల పేర్ల ముందు ఏ గుర్తుందో చూస్తే సగం వచ్చేసినట్టే.

ఉబుంటు 20.04 నుంచి సర్వర్ ఇన్‌స్టాలర్ మారింది. అప్పటి నుంచి ఆటోఇన్‌స్టాల్ అన్నది యామల్ ఫైలు. అందులో ఖాళీలు ఒక్కటి అటూఇటూ అయినా ఒప్పుకోదు, ఓపిగ్గా రాయాలి.

ఎఫ్‌ఏఐ నాకు చాలా ఇష్టం, అందుకే దాని గురించి నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను. జర్మనీలో కొలోన్ విశ్వవిద్యాలయంలో థామస్ లాంగే 1999లో మొదలుపెట్టారు, ఇప్పటికీ డెబియన్‌లో ఉంది. ఇందులో ఒక్క పెద్ద జవాబుల ఫైలు ఉండదు. ప్రతి సర్వర్‌కూ కొన్ని క్లాసులు ఇస్తాం, క్లాసు పేర్లు పెద్ద అక్షరాల్లో రాస్తాం. ఏ క్లాసుకు ఏ డిస్కు విభజన, ఏ ప్యాకేజీలు, చివర్లో ఏ స్క్రిప్టు అన్నది క్లాసు పేరుతోనే ఉన్న చిన్న ఫైళ్ళలో ఉంటుంది. పైన రాజాం వారికి చెప్పిన మూడు గుంపులు ఇందులో సరిగ్గా మూడు క్లాసులవుతాయి. డేటాబేస్ సర్వర్‌కు మొదటి క్లాసూ డేటాబేస్ క్లాసూ రెండూ ఇస్తే రెండింటి ప్యాకేజీలూ వేస్తుంది. మెషీన్లు రకరకాలుగా ఉన్నప్పుడు దీన్ని మించింది నేను చూడలేదు. ఒకటి రెండు మెషీన్లకు మాత్రం ఇంత ఏర్పాటు ఎక్కువ.

నీ దగ్గర సర్వర్లు లేవని ఆగకు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, ఒకటి ఇన్‌స్టాల్ సర్వర్, ఇంకోటి ఖాళీది చేసుకుంటే ఇదంతా ఇంట్లోనే సాధన చేయొచ్చు. ఇంటర్వ్యూలో ‘మీ కిక్‌స్టార్ట్ ఫైలు చూపించండి’ అంటే చూపించడానికి నీ సొంతది ఒకటి ఉండాలి.

ప్రశ్న: ఒక సర్వర్‌ని పూర్తిగా సిద్ధం చేసి, ఆ డిస్కునే మిగతావాటికి క్లోన్ చేస్తే తేలిక కదా? (బొబ్బిలి నుంచి)

జవాబు: ఒకే రకం డెస్క్‌టాప్‌లకు సరే. సర్వర్లకు వద్దు. ఒక్కో సర్వర్‌నూ విడిగా గుర్తుపట్టించే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు, మెషీన్ ఐడీ అన్నిట్లో ఒకటే అయిపోతాయి. మెషీన్ ఐడీ ఒకటే అయితే ఐపీలు కూడా తగాదా పడొచ్చు. వాటిని తుడిచి క్లోన్ చేసే పద్ధతులున్నాయి కానీ, ఆ డిస్కులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఏడాది తర్వాత ఎవరూ చెప్పలేరు. జవాబుల ఫైలు అయితే తెరిచి చదవొచ్చు.

ప్రశ్న: పలాసలో మాది జీడిపప్పు ఫ్యాక్టరీ. రెండే సర్వర్లు, ఒకటి లెక్కలకు, ఒకటి స్టాకుకు. మాలాంటి వాళ్ళకు కూడా ఈ గొడవంతా అవసరమా?

జవాబు: నెట్‌వర్క్ బూట్ మీకు అక్కర్లేదండీ. జవాబుల ఫైలు మాత్రం కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది మీ పలాస దగ్గరే. ఉద్దానంలో కరెంటు లేకుండా ఎన్ని రోజులు గడిచాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు నీళ్ళు చేరో, కరెంటు వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరో సర్వర్ పోతే, కొత్త మెషీన్ తెచ్చిన రోజే పాతదానిలాగే నిలబెట్టగలగాలి. మీకు సర్వర్ పెట్టిన కుర్రాడు అప్పటికి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటాడు.

డెబియన్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌లోనే ప్రీసీడ్ ఫైలు పెట్టించండి. దానికి ‘ఇది లెక్కల సర్వర్‌ది’ అని కాగితం అంటించి బీరువాలో పెట్టండి, అలాంటిదే ఇంకోటి చేయించి ఇంట్లో పెట్టండి. ఏడాదికోసారి, తుపాన్ల కాలానికి ముందు, ఒక పాత కంప్యూటర్ మీద పెట్టి పనిచేస్తోందో లేదో చూడండి. ఇది తెచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్‌నీ ప్యాకేజీలనీ మాత్రమే, మీ లెక్కలను తేలేదు. వాటికి బ్యాకప్ వేరుగా, ఊరికి దూరంగా ఉండాల్సిందే.

ప్రశ్న: టెక్కలి నుంచి రాస్తున్నాను. మా ఆఫీసులో ఆరు డెబియన్ సర్వర్లు ఆటోమేటిక్‌గానే పెట్టాం. ఇప్పుడు అన్నిట్లోకీ ఒక కొత్త ప్యాకేజీ రావాలి. ప్రీసీడ్ మార్చి మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలా?

జవాబు: అక్కర్లేదు. ప్రీసీడ్‌లో ప్యాకేజీల పేర్లన్నీ వరసగా రాయడం మానేసి, మీ ఆఫీసుకంటూ ఒక ప్యాకేజీ తయారుచేసుకోండి. ఈక్వివ్స్ అనే పరికరం ఉంది. అది ఇచ్చే నమూనా ఫైలులో పేరు, వెర్షను, డిపెండ్స్ అన్న చోట మీకు కావలసిన ప్యాకేజీల పేర్లు రాసి, ఈక్వివ్స్-బిల్డ్ అంటే ఒక డెబ్ ఫైలు వస్తుంది. దాని లోపల ప్రోగ్రాములేమీ ఉండవు, ‘నాతోపాటు ఇవన్నీ ఉండాలి’ అన్న మాట మాత్రమే ఉంటుంది. రెప్రెప్రోతో ఆఫీసులో చిన్న రిపాజిటరీ (ప్యాకేజీల గోడౌన్) పెట్టి అందులో వేయండి. ప్రీసీడ్‌లో ఆ రిపాజిటరీ అడ్రసు, దాని కీ, ఈ ఒక్క ప్యాకేజీ పేరు ఉంటే సరిపోతుంది.

కొత్తది చేర్చాలంటే డిపెండ్స్‌లో ఒక పేరు కలిపి, వెర్షను పెంచి మళ్ళీ బిల్డ్ చేయండి. ఉన్న ఆరు సర్వర్లలో ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, ఆప్ట్ అప్‌గ్రేడ్ అంటే కొత్తది దిగుతుంది. ఆప్ట్-గెట్ అలవాటున్నవాళ్ళు మాత్రం అప్‌గ్రేడ్‌కు విత్-న్యూ-పీకేజీఎస్ అన్న ఆప్షన్ కలపాలి, లేకపోతే మీ ప్యాకేజీని పక్కన ఆపి పెడుతుంది. ఆ నమూనా ఫైలునీ, ప్రీసీడ్‌నీ గిట్‌లో పెట్టి, ప్రతి మార్పు పక్కన ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో ఒక వాక్యం రాయండి.